బూరెమ్మ సద్దిమూట

వానలకు నిండి, ఎండలకు ఇంకిపోయే ఒక మడుగులో బూరెమ్మ అనే బాతు ఉండేది. వేసవి ముదిరేలోగా అందరితోపాటు కొండల అవతలి సరస్సుకు ఎగిరిపోకపోతే ఆమెకు బతుకు లేదు. అందుకే రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని మడుగు చుట్టూ ఎగిరేది. ఆనక నీళ్లలోకి తొంగి చూసుకునేది. పొట్ట మాత్రం ఉన్నట్టే ఉండేది.

"ఎగిరేది నువ్వా మరదలా, నీ పొట్టా?" అనేవాడు పుల్లలాంటి కొంగబావ.

బూరెమ్మ సిగ్గుపడి తిండి మానేసింది. అది చూసి ముసలి బాతు పేరత్త ముక్కుతో ఒక్క మొట్టికాయ వేసింది.

"పిచ్చిదానా, కొవ్వంటే దారిలో తినే సద్దిమూటే. కదలకుండా కూర్చుంటే దాని ముడి బిగుసుకుపోతుంది. రోజూ ఎగురుతుంటే వదులై, దూరం పోయేటప్పుడు అడిగినంతా ఇస్తుంది. తిను, ఎగురు."

బూరెమ్మ తింది, ఎగిరింది. పొట్ట తగ్గలేదు గానీ ఆయాసం తగ్గింది.

ప్రయాణం నాడు కొంగబావ అందరికంటే ముందు దూసుకుపోయాడు. నీటిచుక్క లేని బీళ్ల మీదికి వచ్చేసరికి రెక్కలు వాలిపోయాయి.

"మరదలా, తినడానికేమైనా తెచ్చావా?"

"తెచ్చాను బావా. రోజూ వెక్కిరించావే, అందులోనే ఉంది. నీకు పెడదామంటే బయటికి రాదు."

కొంగబావ దూరాన కనబడ్డ బురదగుంటలో దిగిపోయాడు.

సరస్సు చేరాక బూరెమ్మ నీళ్లలో చూసుకుంది. నాజూగ్గా ఉంది.

"అయ్యో, సద్దంతా అయిపోయిందే" అనుకుని, దేవుడికి దండం పెట్టుకుని, తుంగదుంపల మీద పడింది.