వంగని ముద్ర

"ఈ పత్రికకు సంపాదకురాలు మీరేనా, నునోకావా-సాన్?"

సెక్షన్ చీఫ్ హతకెయామా నాలుగు పేజీల పత్రికను బల్లమీద పడేశాడు.

"నేనే," అంది ఒరియే నునోకావా.

కురోహామా రేవు కస్టమ్స్ ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అది ఊళ్లో ప్రతిపక్ష పార్టీ నెలనెలా తెచ్చే పత్రిక.

"కాదని అబద్ధమైనా ఆడరేం?"

"ఎందుకు ఆడాలి? రేవు ఆసుపత్రి మూసేస్తున్నారని వేశాను. మూయడం లేదా?"

"అది నాకనవసరం. రూలు వినండి." అందరికీ వినబడేలా చదివాడు. "ప్రభుత్వోద్యోగి పార్టీ పత్రికకు సంపాదకత్వం వహించరాదు, ప్రచురించరాదు, పంచరాదు. ఏది చేసినా ఉద్యోగం పోతుంది." సంతకానికి బదులు పేరు ముద్ర వేసే క్షమాపణ పత్రం ముందుకు తోశాడు. "ఇకపై ఆ పని చేయనని ముద్ర వేయండి. లేదంటే ఇవాళే ఫైలు పై ఆఫీసుకు వెళ్తుంది."

"వేయను."

"ఇంత పొగరా! మీకు రాకపోతే మిగతావాళ్లకైనా బుద్ధి రావాలి."

పత్రికకు తలా ఒక కాపీ తీయించాడు. 'ఉద్యోగి చేయకూడని పని ఇదే. చదివి ముద్ర వేయండి' అని అట్టమీద కాగితం పెట్టి, తన ముద్ర వేసి, కాపీలతో పాటు బల్లబల్లకూ తిప్పాడు. పై అధికారి ముద్రకు దండం పెడుతున్నట్టు కిందివాళ్లు తమ ముద్రను ఒక పక్కకు వంచి వేయడం అక్కడి మర్యాద. అందరూ వంచే వేశారు.

అట్ట తెచ్చిన గుమాస్తా సోగా గొంతు తగ్గించాడు. "అందరూ చదివారు సార్. వెనక పేజీలో మిసో చేపల పులుసు ఎలా చేయాలో ఉంది. మా ఆవిడకి చూపిస్తా, నా కాపీ ఇంటికి పట్టుకుపోనా?"

"నోర్ముయ్, సోగా!"

ఇక మిగిలింది ఒరియే ముద్ర. నిటారుగా వేసింది.

"ముద్ర కూడా వంచరన్నమాట," అన్నాడు చీఫ్.

"వంచను. ఫైలు పంపండి సార్. ఈ అట్టమీది కాగితం కూడా జత చేయండి."

"చేస్తా. మీ తలపొగరుకు ఇదే సాక్ష్యం."

"చాలా సంతోషం. ఇన్నాళ్లూ ఈ ఆఫీసులో ఒక్కరిచేతా ఆ పత్రిక చదివించలేకపోయాను," అంది ఒరియే. "ఇవాళ అందరికీ పంచిందెవరని పై ఆఫీసు వెతకనక్కర్లేదు. మొదటి ముద్ర మీదే."