పదకొండు ఇరవై బండి

పరీక్షాధికారి వంటింటి తలుపులోంచి రావాల్సి వచ్చింది. వీధి తలుపు వెనక రైల్వే స్టేషన్ ఉంది.

"తల జాగ్రత్తండీ, వంతెన కింద నుంచి వంగి రావాలి," అంది దర్జీ భార్య.

ఆయన వంగాడు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు బొమ్మ రైల్వేలు కట్టేవాళ్ళ సంఘానికి పరీక్షాధికారి. హాల్లోకి వచ్చి నడుం నిలబెట్టి, కళ్ళజోడు సవరించుకుని, అలాగే ఉండిపోయాడు.

నాలుగు గోడల వెంటా బల్లలు. వాటి మీద పట్టాలు, సిగ్నళ్ళు, ప్లాట్‌ఫారం. దర్జీ ఏడేళ్ళ కష్టం. పగలంతా చొక్కాలు కుట్టేవాడు. సాయంత్రం కాగానే టీ డికాక్షన్లో సూది ముంచి పట్టాలకు తుప్పు పట్టించేవాడు. రేకుల కప్పు మీద పావురాల రెట్టలు, కుళాయి కింద పాచి, గోడ మీద సగం చిరిగిన పోస్టరు, ఏదీ వదల్లేదు.

సంఘంలో సభ్యత్వం కోసం రెండుసార్లు ఫోటోలు పంపాడు. రెండుసార్లూ తిప్పి పంపారు. మొదటిసారి, "స్టేషన్ మరీ శుభ్రంగా ఉంది, నమ్మేలా లేదు" అన్నారు. రెండోసారి, "ప్రయాణికులు నిటారుగా కూర్చున్నారు, రైలు కోసం కాచుకున్నవాళ్ళు అలా కూర్చోరు" అన్నారు. దర్జీ మూడు నెలలు తంటాలు పడి, చిటికెన వేలంత కూడా లేని నలభై మంది నడుములు ఒక్కొక్కటే వంచాడు.

మూడోసారీ కాదంటే ఇక దరఖాస్తే తీసుకోరు. అదే జరిగితే బల్లలన్నీ పీకేసి హాలు భార్యకు అప్పగిస్తానని మాటిచ్చాడు. ఏడేళ్ళుగా ఆ ఇంటికొచ్చిన చుట్టాలు వంటింట్లో స్టూళ్ళ మీదే కూర్చుంటున్నారు. ఆవిడ సోఫా రంగు కూడా ఎంచి పెట్టుకుంది.

పరీక్షాధికారి భూతద్దం తీశాడు. బెంచీ కింద చూపించాడు. "ఈ సంచీ ఎవరిది?"

"ఎవరో మర్చిపోయి వెళ్ళారండి."

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం."

ఆయన తలూపి రాసుకున్నాడు. తర్వాత టైంటేబుల్ బోర్డు చదివాడు. పదకొండు ఇరవైకి ప్యాసింజరు. వాచీలో పదకొండు పద్దెనిమిది.

"అలంకరణ బ్రహ్మాండం. ఇక బండి నడక ఒక్కటీ చూస్తే మార్కులు వేసేస్తా," అని కుర్చీ లాక్కున్నాడు.

పదకొండు ఇరవై అయింది. ఇరవై అయిదు అయింది.

"ఏదీ?"

దర్జీ మెడలోని టేపును అటూ ఇటూ లాగుతున్నాడు. బిక్కమొహంతో భార్య వైపు చూశాడు. ఆవిడ నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు, వారంలో సోఫా ఇంటికొస్తుంది.

ఆవిడ స్టీలు గ్లాసు అందుకుని నోటి ముందు పెట్టుకుంది.

"ప్రయాణికులకు గమనిక! పదకొండు ఇరవైకి రావలసిన ప్యాసింజరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చును. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పరీక్షాధికారి ఉలిక్కిపడ్డాడు. "కారణం?"

"సాంకేతిక కారణాలండి."

"అంటే?"

"అంతవరకే చెప్పాలండి."

రెండో స్టేషన్ పడకగదిలో ఉంది. అక్కడ డ్యూటీలో ఉన్నది ఆవిడ తమ్ముడు. దర్జీ కూడా ధైర్యం తెచ్చుకుని ఫోన్ కలిపాడు.

"లైన్ క్లియర్ ఇచ్చావా?"

"పొద్దున్నే ఇచ్చా బావా! పచ్చజెండా పట్టుకుని చెయ్యి లాగేస్తోంది. దించెయ్యనా?"

"వద్దు, అలాగే ఉంచు!"

"నేనే వెళ్ళి చూస్తాను," అంటూ పరీక్షాధికారి లేచాడు. ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అది పక్క డివిజనండి. కాగితం మీద రాసి అడగాలి."

అది నిజమేనని ఆయనకు తెలుసు. కూర్చున్నాడు.

పన్నెండుకి ఆవిడ మళ్ళీ గ్లాసు అందుకుని ఆలస్యం గంటంపావు అంది. పన్నెండున్నరకి రెండు గంటలంది. మధ్యలో ఆవిడ కాగితం కప్పులో నీళ్ళలాంటి టీ ఇచ్చింది. ఒంటిగంటకు ఆయన సహనం చచ్చిపోయింది.

"అసలు ఎవరిక్కడ బాధ్యులు? స్టేషన్ మాస్టర్ ఏడీ?"

"భోజనానికి వెళ్ళారండి," అన్నాడు దర్జీ.

"ఫిర్యాదుల పుస్తకం ఉందా?"

"ఉందండి. పెన్నే లేదు."

ఆయన సొంత పెన్నుతో రెండు పేజీలు నింపాడు. మూడో పేజీ తిప్పబోతూ ఆగిపోయాడు. తనను తాను చూసుకున్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద. నడుం వంగిపోయి ఉంది. ముందు కిసుక్కుమన్నాడు. తర్వాత కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"ముప్పై నాలుగేళ్ళు ఈ మాటలన్నీ జనానికి చెప్పింది నేనేనమ్మా. వాటిని కూర్చుని వినడం ఇవాళే మొదటిసారి."

నూటికి నూరు వేసి సంతకం చేశాడు. సభ్యత్వం కార్డు దర్జీ చేతిలో పెట్టాడు. వంతెన కింద దూరుతూ వెనక్కి తిరిగి, "ఆ బండి వస్తే ఒక్క ఫోన్ కొట్టండి. ఊరికే, మనసు ఆగట్లేదు," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాడు. తమ్ముడు చెయ్యి విదిలించుకుంటూ బయటికొచ్చాడు. దర్జీ కార్డును గుండెకు హత్తుకుని, కింద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

భార్య పక్కనే కూర్చుని కొంగుతో అతని మొహం తుడిచింది.

"ఊరుకోండి, అనుకున్నది సాధించారుగా, ఇప్పటికైనా బజారుకెళ్ళి ఒక్క రైలన్నా కొనుక్కురండి."