ఏడో నంబరు మేజోళ్ళు

మూడోసారి వేలు గుచ్చించుకోవడానికి త్రినాథరావు ససేమిరా అన్నాడు. రెండుసార్లు రక్తం తీసుకుపోయి, రెండుసార్లూ ఏమీ లేదని చెప్పిన పిల్ల మళ్ళీ సూది పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు!

“నాకు జ్వరం లేదు, చలి లేదు. పూటకో గరిటె ఎక్కువే తింటున్నాను. ఆ దోమలకేం తెలుసమ్మా గ్రేసూ?” అన్నాడు.

“వాటికే తెలుస్తది సార్. గీ ఒక్కసారి,” అంది గ్రేస్.

గ్రేస్ ఆ ఇంటి మేడ మీద గదిలో కిరాయికుంటూ మలేరియా మీద పరిశోధన చేస్తోంది. మలేరియా క్రిమి మహా టక్కరిది. మనిషి నెత్తుట్లో దూరి, జ్వరం తెప్పించకుండానే వారాల తరబడి నక్కి ఉండగలదు. ఊరికే ఉండదనీ, మనిషి ఒంటి వాసన మార్చి దోమల్ని పిలుచుకుంటుందనీ, వాటి మీదెక్కి ఇంకో ఒంట్లోకి పోతుందనీ గ్రేస్ అనుమానం. ఆ వాసన పసిగడితే జ్వరం రాకముందే రోగాన్ని పట్టేయొచ్చని ఆశ.

అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ వీధిలో ఇరవై మందికి తెల్ల మేజోళ్ళు పంచి, స్నానానికి తప్ప రెండు రోజులు విప్పొద్దని బతిమాలింది. చెప్పుల్లో మేజోళ్ళేసుకు తిరుగుతున్న పెద్దమనుషుల్ని చూసి వీధంతా నవ్వుకుంది. మూడో రోజు పొద్దున్న ఎవరి నంబరు కవరులో వాళ్ళు వేసి ఇచ్చారు. దోమల పెట్టెలో ఒక్కో జతా పెట్టి చూస్తే, మిగతావాటి మీద పదో పదిహేనో వాలాయి. ఏడో నంబరు మీద మాత్రం బెల్లం మీద ఈగల్లా ముసిరాయి. ఏడో నంబరు త్రినాథరావుది.

మరి ఆయన నెత్తుట్లో క్రిమి ఉండాలి కదా! కనబడదే! ఈసారీ కనబడకపోతే మూడేళ్ళ పనిని మూటగట్టి పక్కన పెట్టెయ్యమని గైడ్ మేడమ్ ఖరాకండిగా చెప్పేసింది.

“పిల్ల ముఖం చూసైనా ఇవ్వండీ,” అని అమ్మాజీ మొగుణ్ణి కసిరింది. “రోజూ సాయంత్రం గంటన్నర గుళ్ళో కూచుంటారు. ఈ మాత్రం దయ లేకపోతే ఆ భక్తంతా ఎందుకూ? ఒక్కనాడు ప్రసాదం తెచ్చిన పాపాన పోలేదు.”

ప్రసాదం మాట రాగానే త్రినాథరావు గబుక్కున వేలు చాపాడు. పని కాగానే గుడి సంచీ తీసుకుని బయల్దేరాడు. అందులో ఏదో గలగలమంటే, దేవుడికి వక్కలన్నాడు.

గేటు దగ్గర ఎదురింటి అంతయ్య ఎదురయ్యాడు. ఆర్టీసీ డ్రైవరు. సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపో దాటలేదు. ఆయన రోజూ ఎల్బీ నగర్ శిబిరానికి పోయి వస్తున్నాడు. పన్నెండేళ్ళు ఆ ఇద్దరూ ఈ వరండాలోనే చదరంగం ఆడారు. అంతయ్య గుర్రం కదిలిందంటే త్రినాథరావుకి చేతిలో టీ చల్లారిపోయేది. నెల కిందట ఓ రోజు రాష్ట్రం కలిసుండాలా, విడిపోవాలా అని మాటా మాటా పెరిగి, వీధంతా చూస్తుండగా ఆట ఆగిపోయింది. ఆనాటి నుంచి పలకరింపుల్లేవు. ఇప్పుడూ ఒకాయన ఆకాశం, ఇంకొకాయన మురిక్కాలవ చూసుకుంటూ చెరో దిక్కుకు నడిచారు.

అంతయ్య భార్య అండాలమ్మ గోడ మీంచి గ్రేస్‌ని పిలిచి మొగుడి గొప్ప చెప్పుకుంది. “నినాదాలిచ్చి ఇచ్చి అందరి గొంతులు పోయినయి బిడ్డా. మా ఆయనది సూడు, కంచు గంట!”

గ్రేస్ నవ్వి, గదిలోకి పోయి మైక్రోస్కోపు ముందు కూచుంది. మూడోసారీ ఏమీ లేదు. దుఃఖం ఆగక కాసేపు ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అండాలమ్మ రొప్పుతూ మేడ మెట్లెక్కి వచ్చింది. అంతయ్యకు చలి జ్వరమట, మూడు రగ్గులు కప్పినా వణుకు ఆగడం లేదట. గ్రేస్ పరుగున పోయి చుక్క రక్తం తీసి చూసింది. క్రిములు! ఒకటి కాదు, రెండు కాదు. పాపం, ఆయన జ్వరానికి బాధపడుతూనే ఆ పిల్లకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దోమలు అబద్ధం చెప్పలేదు. అంతయ్యది ఎనిమిదో నంబరు. కవర్ల మీద నంబర్లు వేసింది కానీ మేజోళ్ళ మీద వెయ్యలేదు, బుద్ధి లేక. ఏడూ ఎనిమిదీ తారుమారయ్యాయి. కానీ ఎట్లా? అది తేల్చకపోతే మేడమ్ నమ్మదు.

డాక్టరు వచ్చి మందిచ్చి వెళ్ళాక మంచం పక్కన కూచుని అడిగింది.

“ఒక్కపారి ఇప్పిన బిడ్డా, శిబిరంల, ఉక్కపోస్తే,” అని గొణిగాడు అంతయ్య.

ఇంటికి తిరిగొచ్చి త్రినాథరావును అడిగితే, ఆఖరి రోజు సాయంత్రం గుడి మెట్ల దగ్గర విప్పానన్నాడు. గుడి ఒక దిక్కు, శిబిరం ఇంకో దిక్కు. మేజోళ్ళు వాటంతటవి నడిచిపోవు కదా! గ్రేస్ తల పట్టుకుంది. అంతయ్యకు మలేరియా అని ఆమె చెప్పగానే త్రినాథరావు ముఖం పాలిపోయింది. గుడి సంచీ చంకన పెట్టుకుని, నెల రోజుల తర్వాత మొదటిసారి ఎదురింటి గడప దాటాడు. వెనకే వచ్చిన అమ్మాజీ, తలుపు తీసిన అండాలమ్మ నోళ్ళు వెళ్ళబెట్టారు. గలగల విని అంతయ్య రగ్గులోంచి తల బయటికి పెట్టాడు.

“నిన్న ఆపిన ఆటల నా గుర్రం ఆడనే ఉన్నదా, రావ్ సాబ్?”