పీఠం కింద

"ముక్కు మూసుకుని మాట్లాడితే ఎలా పిన్నీ? నువ్వేమంటున్నావో ఒక్క ముక్క తెలియడం లేదు."

"ఈసారి కూడా పెళ్ళి ఆగిపోయేట్టుందే తల్లీ అంటున్నాను!" పిన్ని రుమాలు తీసి ఆ మాట అనేసి, మళ్ళీ గబుక్కున ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

పెళ్ళి రేపు పదింటికి. నిజానికి పోయిన వారమే జరగాల్సింది. అప్పుడూ ఇదే కంపు. చర్చిలోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే బయటికి పరిగెత్తారు. సాంబ్రాణి వేస్తే, కంపూ సాంబ్రాణీ కలిసి కడుపులో తిప్పేశాయి. పెళ్ళి వాయిదా పడ్డాక అది దానంతటదే పోయింది. ఈరోజు పొద్దున మళ్ళీ మొదలైంది.

"దేవుడికే ఈ పెళ్ళి ఇష్టం లేదంటున్నారే అందరూ."

"ఇష్టం లేకపోతే దేవుడు కంపు కొడతాడా? ఊరుకో పిన్నీ."

పెళ్ళికూతురు ఆస్పత్రి లాండ్రీలో పదకొండేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతోంది. చీము, నెత్తురు, వాంతులు, ఏది చూసినా ముఖం చిట్లించేది కాదు. అలాంటి మనిషికి పొద్దుటినుంచి రెండుసార్లు డోకు వచ్చింది. రబ్బరు తొడుగులు మోచేతులదాకా లాక్కుని, బలిపీఠం వెనక్కి పాకింది. అక్కడ ఒక చెక్క పలక కాస్త వదులుగా ఉంది. ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టింది. మెత్తగా, జారుడుగా ఏదో తగిలింది.

బయటికి లాగితే సంచి చిరిగి రొయ్య తలకాయలు నేలమీద పడ్డాయి. నల్లగా కుళ్ళి, నీళ్ళోడుతున్నాయి. తొడుగు మీదికి తెల్లటి పురుగులు పాకాయి. పిన్ని మెట్లదాకా కూడా వెళ్ళలేకపోయింది. గుమ్మంలోనే వాంతి చేసుకుంది.

"ఎవత్తె చేసిందే ఈ పని? ఆ గానబృందం పెద్దావిడేనా? మాస్టారిని తన మేనకోడలికి చేద్దామనుకుంది కదూ?"

"ఎవరైతేనేం, మనుషులు కారు," అంది ఆమె పళ్ళ బిగువున. "దేవుడి పీఠం కింద పెట్టడానికి చేతులెలా వచ్చాయో!"

మాస్టారంటే చర్చిలో కీబోర్డు వాయించే మనిషి. ఆమెను చేసుకోబోయేవాడు. ఆస్పత్రి లాండ్రీ అనగానే అందరూ ఓ అడుగు వెనక్కి వేస్తారు. అతను మాత్రం బట్టల సోడాతో పగిలిన ఆమె వేళ్ళకు తనే మందు రాసి, ఆ చేతుల్ని ముద్దు పెట్టుకున్నాడు. ఆ చేతులతోనే ఇప్పుడు ఆమె ఫినాయిలు పోసి మూడుసార్లు నేల కడిగింది. పిన్నిని ఇంటికి పంపి, పెరట్లో పంపు దగ్గర సబ్బు అరిగేలా చేతులు తోముకుంది.

బకెట్టు మరిచిపోయానని తిరిగి వచ్చేసరికి పీఠం దగ్గర ఫాదర్ మోకరించి కనిపించాడు. ప్రార్థన చేసుకుంటున్నాడు కాబోలనుకుని ఆమె చప్పుడు చెయ్యకుండా ఆగింది. ముసలాయన ఒక చేత్తో చెక్క పలక పట్టుకుని, రెండో చేత్తో ఇంకో మూట లోపలికి తోస్తున్నాడు.

"ఫాదర్!"

మూట ఆయన చేతిలోంచి జారిపడింది. గుప్పుమంది.

"పోయిన వారం పెట్టింది కూడా..."

"నేనే అమ్మా."

"ఎందుకు? నేను మైలగుడ్డలు ఉతికేదాన్ననా? నాలాంటిదాన్ని పీఠం ముందు నిలబెట్టడం మీకు అసహ్యమా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"మరెందుకు? పెళ్ళి వద్దంటే వద్దని నోటితో చెప్పొచ్చుగా!"

"నోటితో చెప్పలేకేనమ్మా."

ఆ మాటకి ఆమెకు ఒళ్ళంతా జుగుప్స పాకింది. చిన్నప్పటినుంచీ పూజలో తన నాలుక మీద ప్రసాదపు అప్పం పెట్టిన వేళ్ళు అవి. ఇప్పుడు వాటికి రొయ్యల రసం అంటుకుని ఉంది. ఏడుస్తున్నాడు కూడా! ఆ ఏడుపు ఆ మూటకన్నా కంపుగా తోచింది.

"మీ చేత్తో పెట్టిన అప్పం ఇక నా గొంతు దిగదు," అని చెప్పి, జీవితంలో మొదటిసారి చర్చి గడపలో ఉమ్మేసి బయటికొచ్చింది.

వెనకవైపు పాటల గదిలో మాస్టారు రేపటి పెళ్ళిపాట వాయించుకుంటున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"కంపు వదిలిందా?"

"వదల్లేదు. అసలు సంగతి ఇప్పుడే బయటపడింది." ఆమె తలుపుకి ఆనుకుంది. "ఫాదర్ తన నోటితోనే ఒప్పుకున్నాడు."

అతని వేళ్ళు ఆగిపోయాయి. "ఫాదరా? ఏం... ఏం చెప్పాడు?"

"ఎలా చెప్పను? తలుచుకుంటేనే డోకొస్తోంది. ఇంత కుళ్ళు లోపల దాచిపెట్టుకుని రోజూ నా ముఖంలోకి చూసి నవ్వుతారా మనుషులు! ఇన్నాళ్ళూ ఎంత నమ్మాను! ఛీ!"

అతను దగ్గరికి వచ్చి తనను పట్టుకుంటాడనుకుంది ఆమె. ఫాదర్ మీదికి గొడవకి లేస్తాడనుకుంది. అతను లేవలేదు. ముఖం పాలిపోయింది. విసుగ్గా కీబోర్డు మూత దించాడు.

"పాపసంకీర్తనంలో ఆయన చెవిలో నేను ఒప్పుకున్న పాపం ప్రాణం పోయినా బయటపెట్టకూడదుగా ఫాదర్? అయినా మా ఆవిడా పిల్లలూ ఎక్కడో దూరంగా ఉన్నారు, వాళ్ళతో నీకొచ్చిన ఇబ్బందేంటి?"