పొట్టిచెవుల కుందేలు

బొద్దుగాడి నిపుల్ కనిపించడం లేదు.

సోఫా కింద లేదు. ఉయ్యాల్లో లేదు. బొమ్మల బుట్ట బోర్లించి చూసినా లేదు.

పాలసీసా నిపుల్ కాదది, ఊరికే నోట్లో పెట్టుకుని చప్పరించేది. పరుగులు పెట్టే వయసొచ్చినా అది లేనిదే వాడికి కునుకు పట్టదు. వాడు పడుకోకపోతే మిగతా పిల్లల్నీ పడుకోనివ్వడు.

ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆంటీకి కాలు ఒకచోట నిలవడం లేదు. వాడేమో ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

"ఎక్కడైనా చూశారా?" అని సాయానికి వచ్చే పెద్దావిడను అడిగింది.

పెద్దావిడ గోడవారగా కూర్చుని, చేతిరుమాలును మడతపెట్టి ముడులు వేస్తోంది.

ఆవిడంటే ఆంటీకి మొదట్నుంచీ గుబులే. ఈమధ్యే ఒకరోజు తలుపు తట్టి, "ఇంట్లో పొద్దుపోవడం లేదమ్మా, సాయంగా ఉంటాను, జీతం వద్దు" అంది. ఒక్క చేత్తో వేగలేక సరేనంది గానీ, జీతం వద్దనే మనిషిని నమ్మేదెలా? పైగా తల్లులంతా పిల్లల్ని దింపి వెళ్లాకే వస్తుంది. వాళ్లు తిరిగొచ్చే వేళకు ముందే చెప్పులేసుకుంటుంది.

ఉన్నంతసేపూ బొద్దుగాణ్ణి అంటిపెట్టుకునే ఉంటుంది. వచ్చిన రోజే వాడి మెడలో నిపుల్‌కు కట్టిన రిబ్బన్ విప్పేసింది.

"ఎక్కడైనా పడేస్తాడని వాళ్లమ్మ కట్టిందండీ" అంది ఆంటీ.

"పడేస్తే ఇంకోటి వస్తుంది. ఆ రిబ్బన్ దేనికైనా తగులుకుని మెడకు బిగిస్తేనో?"

ఆ మాట తల్లితో తనే చెప్పాల్సింది. మొహమాటపడి ఊరుకుంది. అది గుర్తొచ్చి ఆంటీకి మరింత చిరాకు పుట్టింది.

మర్నాడు ఇంకో సలహా. "ఆడుకునేటప్పుడు ఇవ్వకండమ్మా. నిద్రకు మాత్రమే ఇవ్వండి. మెల్లగా వాడే మరిచిపోతాడు."

ఇల్లెవరిదో, పెత్తనమెవరిదో అనుకుంది ఆంటీ.

ఇప్పుడు బొద్దుగాడు నేల మీద పడి దొర్లుతున్నాడు. వాడి గోలకు ఉయ్యాల్లో పాప కూడా లేచింది.

"సాయంత్రం వాళ్లమ్మకు ఏం చెప్పను?" అంది ఆంటీ ఉయ్యాల ఊపుతూ. "పెళ్లి నచ్చలేదని పుట్టింటివాళ్లు మాటలు మానేశారట. పాపం, ఎవరూ లేక నన్ను నమ్మి వదిలి వెళ్తోంది."

ముడి వేస్తున్న పెద్దావిడ చేతులు ఆగాయి.

అప్పుడే ఆంటీ కళ్లు మూలనున్న చేతిసంచీ మీద పడ్డాయి. జిప్పు సగం తెరిచి ఉంది. లోపల నీలంరంగు నిపుల్.

"ఇదేంటండీ?"

"మొదలు దగ్గర చీలిందమ్మా. పళ్లతో కొరికేస్తున్నాడు. వాడేడిస్తే మీ మనసాగక ఇచ్చేస్తారని దాచాను."

"పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, నేను ఇల్లంతా వెతుకుతుంటే, చూస్తూ కూర్చున్నారా?"

"ఒక్కసారి లాగి చూడండి."

"ముందు మీరు బయల్దేరండి. రేపట్నుంచి రావద్దు."

పెద్దావిడ లేచింది. రుమాలుతో కట్టిన బొమ్మను బొద్దుగాడి గుప్పిట్లో పెట్టింది.

"కుందేలు, నాన్నా" అంది.

గుండ్రటి తల, దాని మీద చెవులని చెప్పుకోవడానికి రెండు బుల్లి ముడులు. కుందేలట. ఎలుకైనా ఇంతకన్నా నయంగా ఉంటుందనుకుంది ఆంటీ.

గుమ్మం దగ్గర ఆవిడ మళ్లీ వెనక్కి తిరిగింది. "లాగి చూడండమ్మా."

ఆంటీ తలుపు వేసేసి, నిపుల్ కడగడానికి వంటింట్లోకి నడిచింది.

రోజూ పిల్లలు రాగానే ఒక్కో నిపుల్‌నూ గట్టిగా లాగి చూడటం ఆమె అలవాటు. ఇవాళ తల్లులంతా ఒక్కసారే వచ్చిపడేసరికి ఆ పని కాస్తా మరిచిపోయింది. కుళాయి కింద పెట్టి ఇప్పుడు లాగింది.

రబ్బరు ముక్క ఊడి చేతిలోకి వచ్చింది.

సరిగ్గా వాడి గొంతులో ఇరుక్కునేంత ముక్క. ఆంటీ సింకు అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. మలుపు దాకా ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏడుపు ఆగిపోయి ఉంది. లోపలికి ఉరికింది. తీరా చూస్తే, బొద్దుగాడు బొమ్మను చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నోట్లో ఏమీ లేదు.

సాయంత్రం తల్లి వచ్చేదాకా ఆంటీ కుదురుగా కూర్చోలేకపోయింది. రాగానే ఊడిన ముక్క ముందు పెట్టి, దాచకుండా అంతా చెప్పేసింది.

"పొద్దున లాగి చూడకపోవడం నా తప్పేనండీ. వాణ్ణి కాపాడినావిడను దొంగలా చూసి పంపేశాను. ఇల్లెక్కడో కూడా అడగలేదు. క్షమాపణ చెప్దామన్నా ఎక్కడని వెతకను?"

తల్లి ఆ ముక్కను చూడటం లేదు. నిద్రలోనూ కొడుకు వదలని బొమ్మను చూస్తోంది. మెల్లగా వాడి పక్కన నేల మీద కూలబడింది.

"ఇది ఆవిడే కట్టిందా?"

"అవునండీ. కుందేలంది. తొందరలో చెవులు కుదరలేదనుకుంటా."

"కుదరక కాదు" అంది ఆమె, ఆ బుల్లి ముడులను వేలితో తడుముతూ. "వేలు చప్పరించడం మానేశాక నేను కుందేలు చెవులు నోట్లో పెట్టుకునేదాన్నని, మా అమ్మ వాటిని ఎప్పుడూ ఇంత పొట్టిగానే కట్టేది."