మూడు గంటల కరెంటు

కారులో ఇన్వర్టర్ బిగించమంటే ఎలక్ట్రీషియన్ నవ్వాడు.

"ఏం తల్లీ, దారంతా టీవీ చూస్తారా?"

"అమ్మ ఆక్సిజన్ మిషన్ నడవాలి, అన్నా."

అతని నవ్వు ఆగిపోయింది. కారు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టబోయిన ప్లగ్గు పక్కన పడేశాడు. మిషన్ లోడుకి అక్కడి ఫ్యూజు దారిలోనే కాలిపోతుందట. బానెట్ ఎత్తి, లావు వైర్లను నేరుగా బ్యాటరీకి బిగించి, బల్బు వెలిగించి చూపించాడు.

"ఇంజిన్ మాత్రం ఆపొద్దు. ఎంతసేపు ప్రయాణం?"

"మూడు గంటలు."

"భయపడకు. ఆసుపత్రి చేరారంటే గండం గడిచినట్టే."

నేను బల్బు వైపే చూస్తూ చెప్పాను.

"ఆసుపత్రి నుంచే తెస్తున్నామన్నా. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇల్లు చేరేదాకా ఊపిరుంటే చాలంటోంది అమ్మ."

అతను బిగించిన బోల్టులనే మళ్లీ ఒక్కొక్కటిగా బిగించసాగాడు.