పైచేను బోరు

చీరల కంచె సందులోంచి భారతమ్మ తొంగి చూసింది.

అడవి పందులు రాకుండా చేను చుట్టూ కట్టిన పాత చీరలవి. ఆమె పెళ్లినాటి జరీ చీర కూడా వెలిసిపోయి అక్కడే వేలాడుతోంది. దాని అవతల పైచేను, తోడికోడలు రాజ్యశ్రీది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అడవి అంచున ఉన్న ఎత్తు చెక్క చిన్నవాడికి, పల్లపు చెక్క పెద్దవాడికి వచ్చాయి.

రాజ్యశ్రీ తన బోరు గొట్టం చుట్టూ గుంత తవ్వించింది. గొట్టానికి ఆకుపచ్చ వల చుట్టింది, చీర కట్టినట్టు. గుంత నిండా గులకరాళ్లు పోసింది. పైన పసుపు రాసి, కుంకుమ పెట్టి, రెండు చేతులూ జోడించింది.

భారతమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"చూసినవా మీ మరదలి వేషాలు? బోరుకు చీర కట్టి మొక్కుతాంది."

భర్త బసవపున్నయ్య పలుగు పక్కన పెట్టాడు. "గది పూజ కాదే. ఒక్కసారి నే చెప్పేది ఇను..."

"ఆ బోరు మాట నా దగ్గర ఎత్తొద్దన్ననా లేదా?"

ఆయన మళ్లీ పలుగు అందుకున్నాడు. ఆ మాట ఎత్తితే ఆ పూట వంటింట్లో గిన్నెల మోత ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

రెండు చేలలోనూ బోర్లు వేసిన నాడు భారతమ్మ ఊళ్లో లేదు. తల్లికి బాగాలేదంటే ముదిగొండ వెళ్లింది. తిరిగొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఒక్కటే అడిగింది. నీళ్లు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచాడు కదా, నీళ్లుంటే లేచి నిలబడే ఆ కాయ ఎవరి చేలో నిలబడింది?

"మనదాంట్ల కొద్దిగ వంగింది. తమ్మునిదాంట్ల నిట్టనిలువుగ లేసింది. కానీ..."

"చాలు. ఇంకేం చెప్పకు."

ఆ రోజు నుంచి తోడికోడలితో మాటల్లేవు.

భారతమ్మ బోరు మొదటి ఏడు సన్నధారే పోసింది. ఇప్పుడు రాజ్యశ్రీ పూజ చూశాక భారతమ్మ ఊరుకుంటుందా? మడత విప్పని చీర తీసి తన బోరుకు చుట్టింది. ధార పెరిగితే నడిచి వచ్చి తలనీలాలిస్తానని భద్రాద్రి రామయ్యకు మొక్కుకుంది.

వానలు కురిసి వెలిశాయి. ఆ వేసవిలో ఆమె బోరు ధార మణికట్టంత లావైంది. మిరపచేను పచ్చగా నిలబడింది. భారతమ్మ భద్రాచలం నడిచి వెళ్లి మొక్కు తీర్చుకుంది. అయినా మెట్లు దిగుతుంటే మనసులో అదే ముల్లు. వంగిన కాయకే ఇంత పోస్తే, నిలబడ్డ కాయకు ఎంత పోస్తుందో. స్వామి కురిపించే వాన ఒక్కటే కదా, చేనుకొక తీరు ఎందుకు?

రాజ్యశ్రీ మాత్రం కంది, పత్తి తప్ప ఏమీ వేయదు.

"అన్ని నీళ్లు పెట్టుకోని కంది ఏసుడేంది?" అంది భారతమ్మ. "మనం అడుగుతమేమోనని దాస్తాంది. బర్రెల్ని గూడ మన తొట్టికే తోలుతాంది, తన నీళ్లు అరుగుతయని."

బసవపున్నయ్య మిరపచెట్ల వైపు చూస్తూ అన్నాడు, "తాగనియ్యే. వాటికీ హక్కుంది."

ఆ మాటకు ఆమెకు ఇంకా మండింది.

మళ్లీ వానలొచ్చాయి. అడవి వైపు నుంచి ఎర్రనీళ్లు పైచేలోకి దిగుతున్నాయి. రాజ్యశ్రీ అడ్డంగా కట్ట వేసి, కాలువ తీసి, నీళ్లన్నీ తన బోరు గుంతలోకి మళ్లించింది. పల్లంలో ఉన్నవాళ్లకు రావాల్సిన వాన కూడా తనే మింగుతోందా?

భారతమ్మ పార పట్టుకుని వెళ్లి కట్ట తెంపింది. బురద ఎత్తి గుంతలో పోసింది. నీళ్లు బుసబుసమంటూ ఆమె చేలోకి దూకి, సాళ్ల వెంట ఉరికి, వాగులో కలిశాయి. ఆమెకు కడుపు నిండినట్టయింది.

రాజ్యశ్రీ మళ్లీ కట్టింది. భారతమ్మ మళ్లీ తెంపింది. ఆ తర్వాత రాజ్యశ్రీ కట్టలేదు. ఎవరు తెంపారని అడగనూ లేదు.

శివరాత్రి వెళ్లింది. మిరప ఇంకా ఏరాల్సిన కాయతో ఉంది. ఏడాది కష్టమంతా ఆ చెట్ల మీదే ఉంది. అప్పుడు భారతమ్మ బోరు దగ్గడం మొదలుపెట్టింది. కాసిన్ని నీళ్లు, కాస్త గాలి. తర్వాత ఉత్త గాలి. రెండో రోజుకే కొమ్మలు తలలు వాల్చాయి.

ఆమె కంచెలోంచి దూసుకుపోయింది. పెళ్లినాటి చీర పర్రున చిరిగింది.

"రాజ్యశ్రీ, నీ మోటారు బంద్ చెయ్. పైనుంచి నువ్వు గుంజుతాంటే నాకు యాడికెళ్లి వస్తయ్ నీళ్లు? నా మిరప సచ్చిపోతాంది."

కందికట్టె మోపు కడుతున్న రాజ్యశ్రీ నడుము ఎత్తింది. ఇన్నేళ్లకు విన్న పలకరింపు అది. కొంగుతో చేతులు తుడుచుకుని బోరు దగ్గరికి నడిచింది. గొట్టం మూత తీసి, ఒక గులకరాయి లోపలికి వదిలింది.

రాయి గొట్టానికి తగులుకుంటూ చాలాసేపు పోయింది. ఎక్కడో అడుగున, పొడిగా, ఠక్కుమంది.

"దీంట్ల ఎన్నడు చుక్క పడలే అక్కా," అంది రాజ్యశ్రీ, "కింద నీ బోరన్న బతుకుతదని బావ చెప్తే, కట్ట తెగిందాక వాననీళ్లన్ని దీనికి తాపినం."